మూడో పిన్ను

అన్నయ్యకు పక్షవాతం వచ్చేనాటికి అతను చేస్తున్న యాంప్లిఫయర్‌లో ఒక్క పనే మిగిలింది. ఆ రేకుపెట్టె వెనకవైపు కరెంటు వైరు గుచ్చుకునే సాకెట్ పెట్టాలి. బాపట్లలో ఒక కాలేజీ లేబొరేటరీలో పనిచేసేవాడు, పెళ్లి చేసుకోలేదు. కుడివైపు చచ్చుబడి, మాట పోయిన మనిషిని, అమ్మతోనూ ఆ పెట్టెతోనూ సహా రేపల్లెలో నేనుండే అద్దింటికి తెచ్చుకున్నాను. అవి తొంభైల దశకం మొదటి రోజులు. నేనక్కడ స్కూల్లో టీచర్ని.

రోజూ ఎడంచేత్తో పెట్టె వెనకవైపు చూపించేవాడు. డాక్టర్లు ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నారు. కనీసం ఇదైనా చేద్దామని రైలెక్కి తెనాలి వెళ్లి, రేడియో సామాన్ల కొట్లో టేప్‌రికార్డర్లకు ఉండేలాంటి రెండు పిన్నుల సాకెట్ కొనుక్కొచ్చాను. చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా పెద్దదా అన్నయ్యా?"

మంచం మీంచి చెయ్యి కిందికి జార్చి నేలను తట్టాడు. మళ్లీ మళ్లీ తట్టాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కింద పడుకోబెట్టమంటున్నాడే. వాడికి తెలిసిపోయింది," అంది.

మా ఇళ్లల్లో ప్రాణం పోయేముందు మనిషిని మంచం దించుతారు. ఇద్దరం ఏడుస్తూనే అతన్ని చాప మీదికి దించాం. అన్నయ్య నేలను ఇంకా గట్టిగా కొట్టాడు. గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది. తిరిగి మంచమెక్కించాం. అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి సెలవుకు మళ్లీ అదే కొట్టుకు వెళ్లాను.

"ఇది కాదంటున్నాడండీ."

"ఎర్త్ ఉన్నది కావాలేమోనమ్మా."

"ఎర్త్ అంటే ఏంటండీ?"

"భూమమ్మా. మూడో పిన్నుంటది, దాని వైరు భూమిలోకి పోద్ది. రేకుపెట్టెకి కరెంటొచ్చినా మనిషికి షాక్ కొట్టదు."

నేలను తట్టిన అన్నయ్య చెయ్యి గుర్తొచ్చి కౌంటర్ పట్టుకున్నాను. కొట్టతను స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు.

మూడు పిన్నుల సాకెట్‌ను అన్నయ్య సాయంత్రం దాకా గుప్పెట్లోంచి వదల్లేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ రేకు కోసి దాన్ని బిగించాడు. వైరు తగిలించబోతూ గోడలోని ప్లగ్గు విప్పి చూశాడు. మూడో కంత ఉంది కానీ దాని వెనక వైరే లేదు.

"ఈ ఇంటికి ఎర్త్ లేదండీ. పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వెయ్యాలి."

ఇంటాయన ఒప్పుకోలేదు. "గోడ పక్కన గొయ్యేంటి టీచరుగారూ, పునాది దిగిపోద్ది. ఊళ్లో అందరం ఇట్టాగే వాడుకుంటున్నాంగా," అన్నాడు. రెండోసారి అడిగితే, ఇబ్బందైతే వేరే ఇల్లు చూసుకోమన్నాడు. మంచాన పడ్డ మనిషితో నాకు ఇల్లెవరిస్తారు?

పోనీ ఒక్కసారి పాట వినిపిద్దామని టేప్‌రికార్డరూ స్పీకరూ తగిలించి స్విచ్ మీద చెయ్యి వేశాను. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత బతిమాలినా వదల్లేదు. నాకు షాక్ కొడుతుందని అతని భయం. ఆ పాట నాకోసం కాదని ఎలా చెప్పను?

ఆ వానాకాలంలోనే అన్నయ్య పోయాడు. పెద్దకర్మయ్యాక బాపట్ల నుంచి అతనితో పనిచేసిన స్నేహితుడొకాయన వచ్చి, పెట్టె తను వాడుకుంటానన్నాడు.

"మీ ఇంట్లో ఎర్త్ ఉందాండీ?" అన్నాను.

"ఏమో అమ్మా, ఎప్పుడూ చూడలేదు," అన్నాడు.

పెట్టెను పాత దుప్పట్లో చుట్టి ఇచ్చేశాను.