ఆపరేషన్ గది ముందు పద్దెనిమిది గాజులు

ఆస్పత్రివాళ్లు నాకో కాగితం ఇచ్చారు. ఆపరేషన్ రోజు ఏం వేసుకోవాలో, ఏం తెచ్చుకోవాలో తెలుగులోనే, పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. ముందువైపు గుండీలున్న వదులైన నైటీలు రెండు, మెత్తని చెప్పులు, పాత రిపోర్టులు, ఆధార్ జిరాక్సు, ఒక తువ్వాలు, ఒక గ్లాసు. నగలు వద్దు, గోళ్లరంగు వద్దు, గాజులు వద్దు. వెంట ఒక్కరే రావాలి. ఇరవై ఏళ్లుగా బడిపిల్లలకు చదువు చెబుతున్నదాన్ని, కాగితంలో రాసింది రాసినట్టు చేయడం నాకు చేతనవును. చిన్న బ్యాగు ఒకటి సర్దుకున్నాను. జిప్పు కూడా ఒక్కసారికే పడింది. నా సంతోషం అంతవరకే.

నాకు గర్భసంచిలో గడ్డలు. ఏడాదిగా నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంది. బడిలో నల్లబల్ల మీద రెండు లైన్లు రాసి కుర్చీలో కూలబడేదాన్ని. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది, ఒకసారి రక్తం తక్కువుందని, ఇంకోసారి జలుబు చేసిందని. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ కరీంనగర్‌లోని ఆ ఆస్పత్రికి గురువారం గురువారం మాత్రమే వస్తుంది. రెండు సీసాల రక్తం ఎక్కించాక, "ఈ గురువారం తప్పొద్దమ్మా. మళ్లీ రక్తం పడిపోతే నేను కత్తి పట్టలేను" అని చెప్పేసింది. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. అందుకని ఒకరోజు ముందే మా ఊరి నుంచి కరీంనగర్‌లో ఉన్న అన్న ఇంటికి చేరాను. వెంట ఉండటానికి భైంసా నుంచి అక్క వచ్చింది.

రావడం కాదు, దిగింది. మూడు చద్దర్లు, ప్లాస్కు, బకెటు, మగ్గు, మిరపతొక్కు డబ్బా, చిన్న గ్యాస్ స్టవ్వు, వాటి మీద అడ్డంగా ఒక చీపురు.

"గిదేందక్కా? సంసారం పెట్టవోతున్నమా? చీపురెందుకే?"

"దవఖాన్ల సరిగ్గ ఊడ్వరు. నువ్వూకో, నీకేమెరుక?"

కాగితం తీసి చూపించాను. అక్కకు చదువు రాదు. వచ్చినా చదివేది కాదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి తొక్కు డబ్బా మూత కింద నూనె కారకుండా పెట్టుకుంది.

అసలు పరేషాన్ సాయంత్రం మొదలైంది. ఆపరేషన్‌కు ఒట్టి ఒడితో పోవద్దట, పుట్టింటి ఒడిబియ్యం పోసుకొని పోవాలట. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీర, చేతినిండా గాజులు పెట్టి పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగు నింపడం మా దిక్కున పెద్ద ముచ్చట. కాదనను. కానీ అది పండగకో పబ్బానికో చేసుకునేది. తెల్లారితే కడుపు కోయించుకోబోయేదానికి ఎందుకు? "పానం మంచిగైనంక పోద్దువు తియ్యక్కా" అన్నాను. అక్క నా మాట విననే లేదు. అప్పటికే గాజులామెను పిలిపించేసింది.

గాజులామె నా చేతిని పిండి పిసికినట్టు పిసికింది. మట్టిగాజులు చేతికి పట్టినట్టు ఉండాలి, వదులుగా ఉంటే జారి పగులుతాయి. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ అక్క పక్కన నిలబడి, "ఇంకో సైజు చిన్నయి తియ్యి బాయీ, కింద మీద పడ్డా జారొద్దు" అంటోంది. చేతికి తొమ్మిది, ఎరుపూ ఆకుపచ్చా కలిపి. రక్తం తక్కువై నా చేతులు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. ఎముకలు విరిచినట్టు ఎక్కించిందామె.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. బియ్యం తెచ్చింది అక్క. చీర కొన్నది అక్క. కుడుకలు ఏరి ఏరి తెచ్చింది అక్క. పోసేటప్పుడు మాత్రం ఆమె వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బావ పోయి పదకొండేళ్లు. "అక్కను గూడ రమ్మను వదినా, ఒక్క దోసెడు పొయ్యనియ్" అన్నాను. వదిన గొంతు తగ్గించి, "ఆమె ఎట్ల పోస్తది? శుభమా అని పోతున్నవు" అంది. నన్ను పెంచింది అక్క. మమ్మల్ని కన్న అవ్వ పోయేనాటికి నాకు ఏడేళ్లు, నాకు తల దువ్వి, జడేసి, బడికి పంపింది అక్క. అయినా నేను మళ్లీ మాట్లాడలేదు. పీట మీద బొమ్మలా కూర్చొని వదినతో ఒడి నింపించుకున్నాను. ఆ పూట నోరు మూసుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పొద్దున ఏడింటికి ఆటోలో ఆస్పత్రికి చేరాం. ఒంటి మీద జరీ అంచు కొత్త చీర, కాళ్లకు పసుపు, ఒళ్లో ఒడిబియ్యం మూట. దాన్ని ఇంట్లో వదిలిపెట్టొద్దట, నేను ఎటు పోతే అటు రావాలట. వెనకాల స్టవ్వు, బకెటు, చీపురు. నేను సర్దుకున్న చిన్న బ్యాగు మాత్రం అన్న ఇంట్లోనే ఉండిపోయింది. మీరు నమ్మండి నమ్మకపోండి, కాగితంలో తెమ్మన్న వస్తువుల్లో ఒక్కటీ రాలేదు. మొత్తుకున్నాను. "మల్ల తెప్పిస్త తియ్యి, అవొక పెద్ద సామాన్లు" అంది అక్క.

నర్సు నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏందమ్మా, పెండ్లికొచ్చిండ్రా ఆపరేషనుకొచ్చిండ్రా?"

నేనేం చెప్పను? నా కర్మ అన్నాను.

వెనక నాడాలుండే ఆకుపచ్చ గౌను ఒకటి ఇచ్చింది. చీర విప్పి అది తొడుక్కున్నాను. చెవులవీ ముక్కుదీ తీశాను. పుస్తెలతాడు తీసి అక్క చేతిలో పెడితే కళ్లకద్దుకొని జాకెట్లో దాచుకుంది. అక్కడిదాకా బాగానే ఉంది. నర్సు నా చేయి పట్టుకొని గాజులు లాగబోయింది. ఒక్కటి కదల్లేదు. రాత్రికి రాత్రి చేతులు ఇంకా ఉబ్బాయి. గాజుల కింద చర్మం ఎర్రగా వాతలు పడి ఉంది.

"ఇట్లుంటె సూదెక్కడ పెట్టాలె, బీపీ పట్టీ ఎట్ల కట్టాలె? పలిగితె లోపల గుచ్చుకుంటయ్. పలుగగొట్టుడే," అని బల్ల మీది కత్తెర తీసుకుంది నర్సు.

అక్క మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "పలుగగొట్టనియ్య."

"అమ్మా, పదకొండింటికి మీ నంబరు. ఆలస్యమైతె తర్వాతామెను తీసుకుంటరు. మీది మల్ల వచ్చే గురువారమే."

"వచ్చే గురువారమైతె వచ్చే గురువారం. పలుగగొట్టనియ్య."

నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు లేవు, నాలుక పిడచ కట్టుకుపోయింది, చేతులు సలుపుతున్నాయి. ఏడాది పాటు పడ్డ బాధ, రెండు సీసాల రక్తం, పెట్టుకున్న సెలవులు, అన్నీ ఈ తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది గాజుల దగ్గర ఆగిపోయాయి. వార్డులో ఉన్నవాళ్లంతా మా వైపే చూస్తున్నారు.

"నీకో దండం పెడ్త అక్కా, జర అడ్డం జరుగు. ఏం పిచ్చే నీకిది? గాజుల కోసం నన్ను చంపుతవా? నేను సచ్చినంక తొడుగు చేతినిండ!"

అనకూడని మాట అన్నానని నోరు మూశాక తెలిసింది. అక్క ముఖం తెల్లగా పాలిపోయింది. మంచం పట్టీ పట్టుకొని, నాకొక్కదానికే వినపడేలా చెప్పింది.

"అవ్వను గిట్లనే తీస్కపోయిండ్రే. గిదే గర్భసంచి ఆపరేషనని. గాజులు వస్తలేవని నా కండ్ల ముంగటనే పలుగగొట్టిండ్రు. బాపు బయట నిలబడి ఉండె, నిండు మనిషి. ఆయన బతికుండంగ అవ్వ చేతులు బోసిగ చేసిండ్రు. నేనే కింద గూసుండి పెంకులు ఏరిన. అవ్వ మల్ల బయటికి రాలే."

నలభై ఏళ్లలో ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. అవ్వ జ్వరమొచ్చి పోయిందనే నేను అనుకుంటున్నాను. మా ఇంట్లో అందరూ అదే చెప్పారు. మరి ముందే ఎందుకు చెప్పలేదే అని అడగాలనిపించింది. చెబితే నేను ఆపరేషన్‌కు ఒప్పుకునేదాన్ని కాదు, అది ఆమెకు తెలుసు. నా కోపం ఎటు పోయిందో పోయింది. భయం మాత్రం వేసింది, మొదటిసారి నిజంగా వేసింది.

నర్సు ఎంత విన్నదో ఏమో, కత్తెర పక్కన పెట్టింది. రబ్బరు గ్లౌజు జత ఒకటీ, గోడకున్న సబ్బునీళ్ల డబ్బా ఒకటీ తెచ్చి అక్క ముందు పెట్టింది. "ఇరవై నిమిషాలమ్మా. అంతకంటె నాతోని కాదు."

అక్క నా చేతికి గ్లౌజు తొడిగింది. పైన సబ్బునీళ్లు పోసింది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, నిన్న గాజులామె పిసికినట్టే పిసుకుతూ ఒక్కొక్క గాజునూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరిపింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కళ్లు గట్టిగా మూసుకొని పళ్లు బిగబట్టాను. ఆమె మాత్రం లెక్క పెడుతూనే ఉంది. ఒకటి. రెండు. ఎడమ చెయ్యి అయిపోయింది. కుడిచేతి ఆరో గాజు దగ్గర స్ట్రెచరు వచ్చింది. "వస్తున్నం, వస్తున్నం" అని నర్సే వాళ్లను ఆపింది. "పద్దెనిమిది" అని అక్క అన్నప్పుడు బొటనవేలి మీద చర్మం లేచిపోయి మంట. ఒక్క గాజు పగల్లేదు.

"పో ఇగ," అంది. "మంచిగ పోయిరా."

మళ్లీ మెలకువ వచ్చేసరికి నోరంతా చేదు, కడుపు మీద బండ పెట్టినట్టు బరువు. మొదట వినపడింది గాజుల చప్పుడు. పక్క మంచం ఆవిడ అనుకున్నాను. కాదు, ఎవరో నా పెదాల మీద తడిబట్ట అద్దుతున్నారు, ఆ చేతి గాజులే మోగుతున్నాయి. పత్తి ఏరి ఏరి కట్టెపుల్లలైన చేతులు. ఎరుపూ ఆకుపచ్చా గాజులు మణికట్టు నుంచి మోచేతి దాకా జారుతున్నాయి.

"అక్కా?"

"అంత మంచిగైందట. డాక్టరమ్మ చెప్పింది. పండుకో."

నేను గాజులవైపే చూస్తుంటే ఆమెకు అర్థమైంది. "యాడ వెట్టాలె మరి? సంచిల వేస్తె పలుగుతయ్. మంచం మీద వెడ్తె ఎవరన్న కూసుంటరు. ఒక్కటి పలిగినా నువ్వు రావనిపించింది. అందుకే తొడుక్కున్న." ఆస్పత్రి వరండాలో, నలుగురి మధ్య, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా అట్లాగే కూర్చుందట. ఎవరేమనుకున్నారో, ఎవరు ఎట్లా చూశారో నాకు చెప్పలేదు.

ఐదింటికి వదిన క్యారియరు పట్టుకొని వార్డులోకి వచ్చింది. ఆమెను గుమ్మం దగ్గర చూడగానే అక్క దొంగతనం చేస్తూ దొరికినదానిలా గబుక్కున కొంగు లాగి రెండు చేతులూ కప్పుకుంది.

అది చూసి నాకు పట్టరాని కోపం వచ్చింది. వదిన మీదా అక్క మీదా కాదు, నిన్న పీట మీద కూర్చున్న నా మీద. సెలైన్ సూది ఉన్న చేయి చాపి అక్క కొంగు పట్టుకొని లాగాను. కడుపులో కుట్లు చురుక్కుమన్నాయి. గాజులు బయటపడ్డాయి. వదిన క్యారియరు దించడం మరిచిపోయి చూస్తోంది.

"అక్క గాజులు మంచిగున్నయా వదినా?" అన్నాను.

వదిన కాసేపు తడబడింది. "మంచిగనే ఉన్నయ్" అంది నెమ్మదిగా.

"నీ నోరు పాడుగాను, మత్తు దిగలేదే దీనికింక," అని అక్క నన్ను తిట్టింది. తిడుతూనే క్యారియరు అందుకొని గిన్నెలు విప్పింది. కొంగు మాత్రం మళ్లీ కప్పుకోలేదు.