కంచె దగ్గర పిలుపు

గోనెగండ్ల దాటినాక రోడ్డు పక్కన పొడవునా ఇనుప కంచె కనబడుతుంది. లోపలంతా జింకల అభయారణ్యం. కంచె పడకముందు ఆ బీడులో ఓ మూల ఊళ్లోని క్రైస్తవుల సమాధులుండేవి. పత్తి ఏరే కూలికి పోయే శాంతమ్మ కూతురు కవిత, ఏడేళ్లకే జ్వరంతో పోతే అక్కడే మట్టి చేశారు. రాయి పెట్టించే స్తోమత లేక మట్టిదిబ్బతోనే సరిపెట్టుకున్నారు. ఏటా ఈస్టరు పొద్దున శాంతమ్మ ఆ దిబ్బ మెత్తి, సున్నం పూసి, కొవ్వొత్తి వెలిగించేది.

అభయారణ్యం చట్టం వచ్చి గేటుకు తాళం పడింది. జింకలకు ఉన్న హక్కు చచ్చిన పసిబిడ్డకు లేకపోయింది! లోపలికి ఎవరూ పోకూడదన్న ఆ నిబంధన చెల్లదని ఊరివాళ్లు హైకోర్టుకు పోతే, మొదటి వేలిముద్ర శాంతమ్మదే. వాయిదాల మీద వాయిదాలతో ఏళ్లు గడిచాయి. ప్రతి ఈస్టరుకూ ఆమె కంచె పట్టుకొని నిలబడేది.

"కవితా, నన్ను లోపలికి రానీడం లేదమ్మా. నువ్వే ఈడికి రా," అని పిలిచేది.

భర్త ఏసన్న ఆమెను వెనక్కి లాగేవాడు. "సచ్చినోళ్లను పేరు పెట్టి పిలవగూడదే. లేసొస్తారు."

"రానీ. ఎవురికేం నష్టం?"

ఈ ఏడు తీర్పు వచ్చింది. చట్టం అలాగే ఉంటుంది, ఈస్టరు పొద్దున మాత్రం సమాధుల దగ్గరికి పోనివ్వాలి, లోపల నిప్పు వెలిగించకూడదు. లాయరు సుధాకర్ ఆదోని నుంచి ఫోన్ చేసి, "గెలిచినామమ్మా!" అన్నాడు. ఆ రాత్రి శాంతమ్మకు కంటిమీద కునుకు లేదు.

ఈస్టరు పొద్దున గేటు తెరిచారు. రాళ్లు పెట్టించినవాళ్లకు సమాధులు దొరికాయి. కవిత మట్టిదిబ్బ మాత్రం ఇన్నేళ్ల వానలకు కరిగి ఆనవాలు లేకుండా పోయింది. పశువులు మేయక ఎండుగడ్డి నడుమెత్తున పెరిగి ఉంది. శాంతమ్మ గడ్డి పాయలు తీసి చేతులతో నేలంతా తడిమింది. ఒకచోట చిన్న పల్లం తగిలితే, కుంగిన సమాధేమోనని అక్కడే కూలబడింది. జింక పడుకొని లేచిన చోటది.

"యాడైతే ఏముంది, ఈడే సున్నం సల్లు," అన్నాడు ఏసన్న.

శాంతమ్మ లేచి నిలబడింది. "ఈడ లేదప్పా. అన్నేండ్లు పిలిస్తిని గదా, ఎప్పుడో లేసి నేను పిలిసిన కంచె కాడికి పోయినాది."

సున్నం బకెట్టు పట్టుకొని బయటికి వచ్చేసింది. ఇన్నేళ్లూ తాను నిలబడిన చోట, రోడ్డు పక్కన, మట్టి పోగుచేసి దిబ్బ మెత్తింది. సున్నం పూసి కొవ్వొత్తి వెలిగించింది. ఏసన్న దగ్గరికి రాలేక దూరంగానే ఆగిపోయాడు.

మధ్యాహ్నం గార్డు తాళం తీసుకొని వచ్చాడు. "మీవాళ్లు ఎవరైనా లోపల ఉండిపోయినారా?"

"ఎవురూ లేరు సామీ, ఏసుకో," అంది శాంతమ్మ.