సిక్స్ ఎం.ఎం. మరదలు

జెమీమా ఆంటీకి రెడీమేడ్ అంటే పడదు. అరవై ఏడేళ్ళ జీవితంలో ఒక వస్తువుని కొన్నది కొన్నట్టు వాడిన పాపాన పోలేదు. జాకెట్ కొంటే విప్పి మళ్ళీ కుడుతుంది. చెప్పులు కొంటే లోపల అట్ట కోసి అతికిస్తుంది. టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు కొన్నప్పుడు వంటింటి గట్టు రెండంగుళాలు ఎత్తుగా ఉందని నేలనే రెండంగుళాలు పైకి లేపించింది. ఆ వంటింట్లోకి వెళ్ళేవాళ్ళందరూ గుమ్మంలో తట్టుకుని పడతారు, ఆంటీ తప్ప.

"అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదురా రవీ" అంటుంది. పక్కింట్లో ఉంటూ తొమ్మిదేళ్ళుగా ఈ మాట వింటున్నాను. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చిన సంబంధాలన్నీ స్మాల్, మీడియం, లార్జే" అని ఊరుకుంటుంది.

ఒకసారి మా ఆవిడ శ్రీలేఖ నడుం నొప్పి అంటే ఆంటీ రంపం పట్టుకొచ్చి, మా డైనింగ్ కుర్చీ కాళ్ళు ముప్పావంగుళం కోసి వెళ్ళింది. శ్రీలేఖకి నొప్పి పోయింది. అదే కుర్చీలో కూర్చున్న నాకు వచ్చింది. వెళ్ళి మొరపెట్టుకుంటే, "నీ కొలత కాని కుర్చీలో నువ్వెందుకు కూర్చున్నావు?" అని నన్నే కేకలేసింది.

మూడేళ్ళ కిందట ఆవిడ దృష్టి రైఫిల్ తూటాల మీద పడింది. టెక్సస్‌లో ఇది పెద్ద వింతేం కాదు. డబ్బా కొని, శనివారం షూటింగ్ రేంజ్‌లో పేల్చుకొచ్చే వాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. ఆంటీ డబ్బా కొంది. ఒక్కో తూటానీ తూకం వేసింది. "ఏ రెండూ ఒక్క బరువు లేవు. కంపెనీయా, సంతా ఇది?" అంది. మర్నాడు గరాజ్‌లోంచి కారు బయటికొచ్చింది. కుట్టుమిషన్ పక్కన తూటాలు తయారుచేసే ప్రెస్ లోపలికెళ్ళింది.

"తూటా అంటే ఏముందిరా? ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే బొట్టు, లోపల మందు, మూతి మీద గుండు. నలభై ఏళ్ళు హాస్పిటల్ ఫార్మసీలో నేను కొలిచిందీ మందే కదా!"

ఈ మందే కొంప ముంచింది. ఒక బుధవారం ప్రార్థన కూటానికి ఆంటీ ఎందుకు రాలేదని మా తెలుగు చర్చి పాస్టర్ షాలోమ్ గారు అడిగితే, నేను అమాయకంగా, "గరాజ్‌లో మందు కొలుస్తోందండీ" అన్నాను.

"ఎప్పట్నించి?"

"ఆర్నెల్లుగా. రోజూ."

"ఒక్కరేనా?"

"ఒక్కరేనండీ. పక్కన ఎవరైనా ఉంటే చెయ్యి వణుకుతుందట."

పాస్టర్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని ఆంటీ గుమ్మం ఎక్కారు. "అమ్మా, ఇది ఒక్క చుక్కతోనే మొదలవుతుంది" అన్నారు మెల్లిగా.

"నేను చెప్పేదీ అదే పాస్టర్ గారూ! ఒక్క రవ్వ ఎక్కువైనా కొంప కూలుతుంది. అందుకే కొలిచి పోస్తాను."

"మొత్తానికే మానెయ్యలేరా?"

"ఇప్పుడు మానేస్తే ఎలా? నవంబరులో సీజన్!"

చివరికి లోపలికెళ్ళి త్రాసు చూశాక గానీ ఆయనకి సంగతి అర్థం కాలేదు. వచ్చినందుకు ఆ త్రాసు మీదే చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

తన తూటా తను చేసుకోవడంతో ఆగితే ఆవిడ జెమీమా ఆంటీ ఎందుకవుతుంది? ఏ కంపెనీ చేయని సైజు కావాలంది. ఉన్న ఇత్తడి తొడుగు మెడ నొక్కి సన్నం చేసి, పొట్ట తగ్గించి, అందులో ఆరు మిల్లీమీటర్ల చిన్న గుండు కూర్చోబెట్టింది. ఇలాంటి సొంత రకాల్ని ఇక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. ఆ తూటా పట్టే రైఫిలూ షాపులో దొరకదు కాబట్టి, ఊరవతల ఒక ముసలి గన్‌స్మిత్‌ని పట్టుకుని అదీ చేయించింది. ఆయనకి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేది. ఆఖర్లో ఆయన ఫోన్ ఎత్తగానే, హలో కూడా అనకుండా, "యెస్ మ్యామ్, మళ్ళీ కొలుస్తాను" అని పెట్టేసేవాడు.

వైల్డ్‌క్యాట్‌కి పేరు పెట్టే హక్కు చేసినవాళ్ళదేనట. ఆంటీ తన తూటాకి 'సిక్స్ ఎం.ఎం. మరదలు' అని పెట్టింది.

ఎవరి మరదలంటే, సత్యానందం గారి మరదలు. ఆంటీ సొంత అక్క జోసఫిన్ గారి భర్త ఆయన. డెబ్భై రెండేళ్ళు, రిటైర్డ్ సివిల్ ఇంజనీర్. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి నవంబరులో జింకని కొట్టి, థాంక్స్‌గివింగ్ విందులో చర్చి మొత్తానికి కూర వండించి పెట్టిన వేటగాడు. ఆయన చెప్పే కథలో జింక నిలబడిన దూరం ఏడాదికి యాభై గజాల చొప్పున పెరిగేది. కుడి భుజానికి ఆపరేషన్ అయ్యాక ఆయనలో హఠాత్తుగా జీవకారుణ్యం పుట్టింది. వేట మానేశానని ప్రకటించారు. ఆ కారుణ్యం కోళ్ళదాకా రాలేదు.

"ఏం జెమీమా, నీ తూటా జింకకా, దోమకా?" అనేవారు ఆయన.

"మీ నోటికి సరిపడా పెద్ద తూటా చేయడం నా వల్ల కాలేదు బావగారూ" అనేది ఈవిడ.

పోయిన అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఆంటీ నన్ను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"బావగారూ, నాకు దూరం చూపు ఆనడం లేదు. నాలుగొందల గజాల్లో నా తూటా ఎలా పోతోందో మీరు పేల్చి చెప్పాలి."

"నేను వేట మానేశానమ్మా. జీవకారుణ్యం."

"కొట్టేది ఇనప పలకని. దానికి ప్రాణం లేదు."

"వీణ్ణి అడగరాదూ?" అంటూ నన్ను చూపించారు.

"వీడికి స్టేపుల్ గన్ ఇవ్వడానికే భయం నాకు."

జోసఫిన్ గారు అప్పటికే ఆయన టోపీ తెచ్చి చేతిలో పెట్టారు. బయల్దేరాం.

రేంజ్‌లో ఆంటీ రైఫిల్ బల్ల మీద పెట్టింది. ఉత్సాహం కొద్దీ ముందు నేనే కూర్చున్నాను. రైఫిల్ వెనక కట్టె భుజానికి ఆనిస్తే ట్రిగ్గర్ దాకా నా వేలు సరిగా అందలేదు. పైగా తూటా ఎక్కించే బోల్ట్, ఎడమచేతి వాటానికన్నట్టు, ఎడమ పక్కన ఉంది. ఆంటీ నాకంటే అడుగు పొట్టి, కుడిచేతి వాటం.

"ఆంటీ, ఇది మీకు అస్సలు సరిపో..."

ఆవిడ నా కాలు తొక్కింది. "లేచి పక్కన నిలబడు."

సత్యానందం గారు రైఫిల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎడమ భుజం మీంచి నాకు అలవాటు లేదే!"

"అలవాటున్న చేత్తో ఎవరైనా పేలుస్తారు. మీ గొప్పలన్నీ కుడిచేతివేనా బావగారూ?"

ఆయన రోషంగా కూర్చున్నారు. రైఫిల్ ఆయనకి దర్జీ కుట్టినట్టు కుదిరింది. పళ్ళు బిగించారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను పలక వైపు చూస్తున్నాను. ఆంటీ మాత్రం ఆయన మొహమే చూస్తోంది. నేను చూసినంతవరకూ ఆవిడ ఊపిరి బిగపట్టింది ఆ ఒక్కసారే.

తుపాకీ పేలింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

"పేలిందా?"

"పేలింది, తగల్లేదు. ఈసారి కళ్ళు తెరిచి కొట్టండి."

"అదేంటి, భుజాన్ని తన్నలేదే!"

"మందు కాస్త తక్కువైందేమో. ఇంకోటి పేల్చి చూడండి."

రెండో గుండుకి దూరం నుంచి టంగుమని వినిపించింది. ఆయన నోరు తెరిచి మా ఇద్దరినీ చూశారు. ఆ తర్వాత ఆయన్ని బల్ల దగ్గర్నుంచి లేపడానికి మధ్యాహ్నం రెండయింది. సాయంత్రం జోసఫిన్ గారితో చెప్పేటప్పటికి పలక ఆరొందల గజాలకి జరిగింది.

ఆయన్ని దింపాక కారులో అడిగాను. "నిజం చెప్పండి ఆంటీ. ఇది మొదట్నించీ ఆయన కొలతేనా?"

"పెద్ద తుపాకీ తన్నుకి ఆ భుజం ఆగదని డాక్టర్ చెప్పాడు. ఈయన ఇంటికొచ్చి తుపాకీ తుడిచి, బీరువాలో పెట్టి, తాళం చెవి అక్క చేతికిచ్చాడట. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. తన్ను తక్కువుండేది షాపులోనూ దొరుకుతుంది. కొనిస్తే, 'నన్ను ముసలాణ్ణి చేశావా' అంటాడు. ఎవరూ చేయని తూటా అయితే, టెస్ట్ చేసి పెట్టమని నేనే బతిమాలొచ్చు కదా!"

"చేతుల కొలత ఎలా తెలిసింది?"

"ఆయన క్రిస్మస్ కోటు కుట్టిందెవరనుకున్నావు?"

"మరి ఆయనకి చెప్పరా?"

"చెప్తే మళ్ళీ భుజం నొప్పి పుడుతుంది. నువ్వు రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి."

నవంబరులో సత్యానందం గారు రెండొందల గజాల్లో ఒక్క గుండుతో జింకని పడగొట్టారు. మూడేళ్ళ తర్వాత చర్చి విందులో మళ్ళీ ఆ కూర వాసన వచ్చింది. ఆయన మైకు తీసుకున్నారు.

"నేను జీవకారుణ్యంతో వేట మానుకున్నవాణ్ణి. మీ అందరికీ తెలుసు. కానీ మా మరదలికి, పాపం, చూపు మందగించింది. ఒంటరి మనిషి. తన ప్రయోగానికి సాయపడే దిక్కు లేదు. అందుకని నా నియమం పక్కన పెట్టి, ప్రతి శనివారం ఆవిడ కోసం ఈ భారం మోస్తున్నాను."

హాలంతా చప్పట్లు. పాస్టర్ గారు దీన్ని త్యాగం అన్నారు. జోసఫిన్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

కూర గిన్నె దగ్గర ఆంటీ వినయంగా తల దించుకుని నిలబడింది. ముక్కు మీద ఒక కొత్త కళ్ళజోడు. దగ్గరికెళ్ళి చూస్తే, ఫార్మసీలో స్టాండుకి వేలాడే రకం. ధర కాగితం ఇంకా ఒక అద్దం మూలకి అంటుకునే ఉంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే మనిషి.

"రెడీమేడ్ కొన్నారా ఆంటీ!"

"గట్టిగా అనకు. చూపు పోయిందని చెప్పాక ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా."

"సరిపోయాయా?"

"ఒక్క ముక్క కనిపించట్లేదు" అంటూ గరిటెడు కూర జాగ్రత్తగా నా ప్లేటు పక్కన, బల్ల మీద వడ్డించింది.