గోడ అవతలి సాంచాలు

పక్కింటాయన సాంచాలు నేనే ఎత్తేయించిన. తప్పు వాటిది కాదని తెలిసినంక కూడా నోరు మూసుకున్న.

సాంచాలంటే మరమగ్గాలు. మా గల్లీ నుంచి వేములవాడ బాట దాకా వాటి చప్పుడే. పక్కింటాయనవి నాలుగు. ఆయన ఇంటికి, మా ఇంటికి నడుమ ఒకటే గోడ. ఆయన నేస్తుంటే, ఆయన భార్య పొయ్యి మీద కూర చూసుకుంటనే నూలు కండెలు చుట్టేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గడప దాటి పనికి పోలేకపోయేది.

నేను ఏడో తరగతిలోనే బడి మానేసినోణ్ని. రేడియో రిపేరు సొంతంగ నేర్చుకున్న. లైబ్రరీల డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలు చదివిన. చదువుకున్నోళ్లు నన్ను తక్కువ చేసి మాట్లాడితే ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతది. ధర్మపురిలో ఒకాయన దగ్గర పాత రికార్డు ప్లేయర్ కొనుక్కొచ్చి, బాగు చేసి, పొడుగాటి టేకు బల్ల మీద పెట్టిన. దాని రెండు దిక్కుల రెండు స్పీకర్లు. అంతా బాగనే ఉన్నది గని, సౌండు జర పెంచితే చాలు, పాట అడుగు నుంచి 'గూ...' అని మోత లేచేది. రికార్డు మీది ముల్లు వణుకుతున్నదన్న మాట. వణికించేదెవరు? గోడ అవతల నాలుగు సాంచాలుండంగ ఇంకెవరు!

బల్ల కాళ్ల కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టిన, ఇసుక మూటలు పెట్టిన. మోత పోలే. ఒకనాడు పక్కింటాయన వచ్చి చూసిండు.

"కాకా, గా స్పీకర్లు బల్ల మీదికెళ్లి దించు. పాడేది, వినే ముల్లు ఒక్క బల్ల మీదుంటే ముల్లు వణకదా? మేమైతే సాంచ కాళ్ల కింద లారీ టైరు ముక్కలేస్తం, ఒకదాని అదురు ఇంకోదానికి తాకకుంట."

"నీ సాంచ సంగతి నువ్వు చూస్కో. నాకు నేర్పనీకి వచ్చినవా?" అన్న. నన్ను తక్కువ చేసినోళ్లు మాట్లాడే మాటే అది. నా నోట్ల కూడా ఉన్నదని అప్పుడు తెల్వలే.

ఆ వారమే మున్సిపాలిటీకి అర్జీ రాసి, గల్లీవాళ్లతో సంతకాలు పెట్టించిన.

అర్జీ ఇచ్చినంక, నూలు రాక మూడు దినాలు సాంచాలు బందైనయి. సంబురంగ రికార్డు పెట్టి సౌండు పెంచిన. గూ... అదే మోత. మా ఆమె వంటింట్లకెళ్లి వచ్చి, నడుం మీద చెయ్యేసుకొని నిలబడ్డది.

"సాంచాలు నీ నెత్తిల నడుస్తున్నయేమో చూస్కో. పోయి గా కాయిదం వాపసు తీస్కరా!"

ఒక స్పీకరు దించి నేల మీద పెట్టిన. మోత సగం తగ్గింది. రెండోది దించిన. మోతే లేదు. అయినా రెండూ మళ్ల బల్ల మీదికే ఎక్కించిన. పక్కింటాయన వస్తే, తన మాటే నిజమైందని చూస్తడని.

వారానికి మున్సిపాలిటీ సార్లు వచ్చిండ్రు.

"అర్జీ పెట్టింది మీరేనా? ఇబ్బంది ఇంకా ఉన్నదా?"

పక్కింటాయన అక్కడ్నే నిలబడి నన్నే చూస్తుండు.

"ఉన్నది," అన్న.

సాంచాలు ఊరి బయటి షెడ్డుకు పోయినయి. ఆయన పొద్దుగాల సైకిల్ మీద పోతడు. ఆమె అంత దూరం నడవలేదు. గోడ పక్కన కూసొని బీడీలు చేస్తది, తంబాకు వాసన మా ఇంట్లకొస్తది. స్పీకర్లు నేలకు దించిన, పాట సాఫుగనే మోగింది. నేనే వినలేకపోయిన.

నిరుడు నా తప్పంతా ఉత్తరంల రాసిన. ఆయన చేతికియ్యడానికి మొఖం చెల్లక తలుపు సందుల వేసొచ్చిన. నెలలు గడిచినయి, ఉలుకు లేదు, పలుకు లేదు. మొన్న ఫోన్ల ఆయన వాయిస్ మెసేజు వచ్చింది. వెనుక సాంచాలు నడుస్తుంటే గట్టిగ మాట్లాడి పంపిండు:

"కాకా, నీ ఉత్తరం మా ఆమెతోని చదివించుకున్న. నాకది కొత్త ముచ్చట గాదు. సాంచాలు బందున్న నాడు నీ మోత గోడ ఇవతల మాకు వినవడ్డది. నడిమిట్ల ఒక్కపారి బందైంది, మళ్ల మొదలైంది. స్పీకర్లు దించి ఎక్కించినవని సమజైంది. సార్ల ముందట చెప్తవని చూసిన. చెప్పలే. గంతే. ఇగ నాకు ఉత్తరాలు రాయకు. చెప్పేదుంటే ఆమెకు చెప్పు, గోడ అవతల్నే కూసున్నది."