ఎక్కడికో ముందు, ఏమిటో తర్వాత

ఆఫీసులో ఆమెను అడ్డుపుల్ల అనేవారు. మొహం మీద కాదులెండి, టీ గ్లాసుల దగ్గర.

అయిదు కంపెనీల సాఫ్ట్‌వేర్లూ ఒకే రకం ఆజ్ఞలకు పలకాలని ఒక కమిటీ వేశారు. అందులో ఒక కంపెనీ తరఫున ఈమె. మనం వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలను కంప్యూటరు తనంతట తాను చేసుకుపోతుంది. దాన్నే స్క్రిప్టు అంటారు. ఒక్కో ప్రోగ్రాంలో ఒక్కో వరసైతే వాడేవాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది. కమిటీలో అన్నీ తెమిలాయి గాని, కాపీ చేయమనే ఆజ్ఞ దగ్గర బండి ఆగింది. ఏది అన్నది ముందు రాయాలా, ఎక్కడికి అన్నది ముందు రాయాలా? మిగతా నలుగురిదీ ఏది ముందు. ఈమె కంపెనీది ఎక్కడికి ముందు. "మా వరస మార్చం" అని ఈమెది ఒకటే పాట.

కారణం ఎవరికీ చెప్పలేదు. తమ కంపెనీ ప్రోగ్రాం రాసింది వాళ్లక్క. అక్క మాటే అంత: "బల్ల మీద పెట్టు, ఆ గిన్నె." "డాక్టరుకి చెప్పు, నొప్పి తగ్గిందని." మనిషి పోయి రెండేళ్లయినా, ఆవిడ రాసిన స్క్రిప్టు పొద్దున్నే ఇంట్లో కంప్యూటరును లేపేది. బయట వాన ఉందేమో చూసుకుని, కంప్యూటరు గొంతుతో "లేచావా చెల్లీ? గొడుగు తీసుకెళ్లు" అనేది. ఈమె జవాబు చెప్పేది, పోట్లాడేది కూడా. పక్కింటావిడ ఆ ఇంట్లో ఇద్దరున్నారనే అనుకునేది. ఆ స్క్రిప్టంతా ఎక్కడికి ముందు అన్న వరసే; వరస మారితే అది మూగబోతుంది. తిరగరాయడం ఎంతసేపు? కానీ అప్పుడది అక్క రాసింది కాదు.

ఆఖరి సమావేశానికి కమిటీ పెద్దాయన ఒక ఫోటోగ్రాఫరును పిలిపించాడు.

"వేరే ప్రోగ్రాం అలవాటు కొద్దీ మీ దాంట్లో కూడా ఏది అన్నదే ముందు రాశానమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఖాళీ ఫోల్డరు వచ్చి మా అమ్మ ఫోటోల మీద పడి అన్నీ చెరిపేసింది. ఆఖరి రోజులవి."

"ఇంకెక్కడా దాచుకోలేదా?"

"లేదమ్మా. మొహం గుర్తుందనుకోండి. నవ్వితే ఎలా ఉండేదో మాత్రం…" చేత్తో బుగ్గ దగ్గర ఏదో చూపించబోయి మానేశాడు.

ఆ వరస పెట్టింది అక్క. దానికి కాపలా కాసింది తను.

"ఏది ముందే ఉండనివ్వండి. మాకు సమ్మతమే," అంది. పెద్దాయన కలం తీశాడు.

సెలవురోజున కూర్చుని ఇంట్లో స్క్రిప్టును వరస వరసా తిరగరాసింది. గొడుగు మాట దగ్గర వేళ్లు కాసేపు మొరాయించాయి. అదీ మార్చింది.

మర్నాడు పొద్దున్నే అదే గొంతు, అవే మాటలు. ఆమె దుప్పట్లోంచి కదల్లేదు. ఇన్నాళ్లూ అక్క పిలుస్తోందనుకుంది. ఇవాళ పిలిచింది తన టైపింగే. ఖాళీ ఇంట్లో తనను తనే లేపుకుంటోంది. అక్క పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.