కరెంటొచ్చి ఆగిన పురాణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడు కరెంటు పోతేనే మాట్లాడేవాడు. భివండి కామత్‌ఘర్‌లో మా ఇంటికీ సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాకూ ఒకటే గోడ. సాంచాలు నడుస్తున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినిపించేది కాదు. మా గల్లీలో తగాదాలు తక్కువగా ఉండడానికి కారణం మంచితనమేమీ కాదు. కరెంటు పోగానే గాలిలోని దూది పొగమంచులా మెల్లగా కిందికి దిగేది. అప్పుడు మా తాతయ్య పురాణం మొదలుపెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం మా నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి కథ ఎత్తుకున్నాడు. పిల్లలు లేని తండ్రికి శివుడు కొడుకునిచ్చాడట, ఆయుష్షు మాత్రం పదహారేళ్లే అన్నాడట. దేవుడి మాట మారదు. పదహారు నిండిన రోజు యముడు పాశం పట్టుకొని రానే వచ్చాడు. అంతలో కరెంటూ వచ్చింది. తాతయ్య యముణ్ని అక్కడే నిలబెట్టి సాంచాల దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడే మా అన్నయ్యకు పదహారు నిండుతాయి. వాడేమో కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నా వంతు వడాపావ్ వాడి చేతిలో పెట్టాను. వాడు అనుమానంగా చూశాడు.

"ఏందే, నా సైకిల్ ఇరగ్గొట్టినవా?"

సాయంత్రం తాతయ్య వెంట వరాలా తలావ్ గట్టు మీద నడుస్తూ ఇక ఆపుకోలేక ఏడ్చేశాను.

"తాతా, దేవుని మాట మారదంటివి గద. రేపు అన్న సచ్చిపోతడా?"

తాతయ్య నవ్వలేదు. నీళ్ల పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సగం ఇని అన్నను సంపుకున్నవ్ గదనే. మిగిలింది ఇను."

పిల్లవాడు లింగాన్ని కౌగిలించుకుంటే, శివుడు లేచి వచ్చి యముణ్ని ఒక్క తన్ను తన్నాడట.

"అయితే దేవుడు మాట మార్చిండు!" అన్నాను, ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే.

"ఏడ మార్చిండు? పదహారే అన్నడు. గా పిలగానికి ఇయ్యాల్టికి గూడ పదహారేనే, పదిహేడు రానే రాలే. ఇంగొకటి, గా మాట శివుడు మార్కండేయుని నాయనతోని అన్నడు. మీ నాయనతోని అన్నడా? మీ నాయన తపస్సు గూడ చెయ్యలే, ఉత్తగ పెండ్లి చేసుకున్నడు."

తలావ్ మీద వెలుతురు అలలతో పాటు అటూ ఇటూ జరుగుతోంది. తలావ్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు.

ఇప్పుడు అన్నయ్యకు బట్టతల, దానికి తోడు పొట్ట. శివుడి దయవల్ల మార్కండేయుడి పోలిక ఒక్కటీ రాలేదు. ఎవరైనా శాస్త్రంలోంచి ఒక్క మాట తెచ్చి, దేవుడే ఇలా అన్నాడని నన్ను భయపెట్టబోతే, ఇప్పటికీ ముందుగా ఒకటే అడుగుతాను: కథ ఎక్కడుండగా మీకు కరెంటొచ్చింది?