ఒట్టి అరచేతులు

మైత్రీవనం వెనక సందులో, మా కింది పోర్షన్‌లో ఉండేదామె. ఒంట్లో బాగాలేనివాళ్లూ ఉద్యోగాలకు తిరిగేవాళ్లూ ఆమె చేత ప్రార్థన చేయించుకునేవారు. "మీ ప్రార్థనలో బలముందండీ" అని ఎవరైనా అంటే అరచేతులు రెండూ తెరిచి చూపించేది. "నా తాన ఏమున్నది? అంతా ఆయన కృప." నాకది దొంగ వినయంలా తోచి ఒళ్లు మండేది.

మా చర్చి సంఘంలో చాలామంది మీద నాకు కోపం. క్రిస్మస్ పాటల బృందంలోంచి నన్ను తీసేసినప్పుడు ఎవరెవరు నవ్వారో ఇవాళ్టికీ చెప్పగలను.

పంజగుట్ట ఆసుపత్రిలో ఆమెకు గుండె ఆపరేషన్. కిటికీ అవతల వానలో మెట్రో రైలు నీళ్ల మీద తేలుతున్నట్టు పోతోంది. మంచం చుట్టూ సంఘపెద్దలున్నా ఆమె నా చెయ్యే పట్టుకుంది.

"జర భయమైతుంది బిడ్డా. నువ్వు ప్రార్థన చెయ్యి."

"నా వల్ల కాదండీ. ఇక్కడున్న సగం మందితో నాకు మాటల్లేవు."

"నీతోని అయితదని ఎవరన్నరు? నాతోని సుత ఎన్నడు కాలే. ఆయన్నడుగు."

అందరి ముందూ అంత మాట అంది. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఈమెను వదలొద్దు" అన్న మాటొక్కటే వచ్చింది. గది, మనుషులు, వాన చప్పుడు మెల్లగా దూరం జరిగాయి. ఆమె చెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంది.

కోలుకున్నాక ఆమె ఉప్పల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ప్రార్థన కోసం ఎవరు ఫోన్ చేసినా నా దగ్గరికి పొమ్మంటోందట. నన్నొక్క మాటైనా అడగలేదు. తలుపు చప్పుడైతే లేచి వెళ్లి తీస్తున్నాను.